వైద్య పరికరాల స్టార్టప్: ఎక్కడ తొందరపడాలి, ఎక్కడ ఆగాలి

ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ మధ్య 'స్టార్టప్' అనే మాట తరచూ వినిపిస్తోంది. ఆన్‌లైన్‌లో బట్టల వ్యాపారం పెడతామన్నా, డెలివరీ యాప్ చేస్తామన్నా పెద్దలకు ఎంతో కొంత అర్థమవుతుంది. కానీ అబ్బాయో అమ్మాయో వచ్చి 'షుగర్ పేషెంట్ల కోసం ఒక మెషిన్ తయారు చేస్తాను' అంటే ఇంట్లో రెండు రకాల మాటలు వస్తాయి. నలుగురి ప్రాణానికి పనికొచ్చే పని, సవాబ్ కూడా దక్కుతుందని ఒకరు సంతోషిస్తారు. డబ్బు ఎంత పోతుందో, ఎవరికైనా ఏమైనా అయితే జవాబు ఎవరు చెప్పాలో అని ఇంకొకరు భయపడతారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది.

స్టార్టప్ పెట్టేవాళ్లు ఎక్కువగా చెప్పుకునే పద్ధతి 'లీన్ స్టార్టప్'. యాప్‌ల కోసం పుట్టిన ఈ పద్ధతిని వైద్య పరికరాలకు ఉన్నది ఉన్నట్టు వాడితే రోగికి ప్రమాదం. అసలు వాడకపోతే డబ్బు, ఏళ్లు రెండూ వృథా. అందుకే ఏ పని వేగంగా చేయాలో, ఏ పని దగ్గర ఆగి అనుమతి తీసుకోవాలో ముందే తెలిసి ఉండాలి.

లీన్ అంటే ఏంటి?

లీన్ అనే ఆలోచనకు మూలం జపాన్‌లోని టొయోటా కార్ల ఫ్యాక్టరీలు. అక్కరలేని పని, అక్కరలేని సరుకు, అక్కరలేని ఎదురుచూపు, వీటన్నింటినీ వృథాగా లెక్కగట్టి తగ్గించడం అక్కడి పద్ధతి. అమెరికాకు చెందిన ఎరిక్ రీస్ ఈ ఆలోచనను కొత్త కంపెనీలకు అన్వయించి, 2011లో 'ది లీన్ స్టార్టప్' అనే పుస్తకం రాశారు.

దాని వెనుక ఆయన సొంత అనుభవం ఉంది. 2004లో ఆయన మిత్రులతో కలిసి ఐఎంవీయూ అనే కంపెనీ పెట్టారు. అప్పటికే వాడకంలో ఉన్న చాట్ సాఫ్ట్‌వేర్లకు తగిలించుకునే ఒక కొత్త సదుపాయాన్ని ఆరు నెలలు కష్టపడి తయారు చేశారు. తీరా విడుదల చేశాక జనం దాన్ని ముట్టుకోలేదు. ఆయన రాసిన వేల లైన్ల కోడ్ పక్కన పడేయాల్సి వచ్చింది. పని బాగా చేయలేదని కాదు, ఎవరికీ అక్కరలేని పనిని బాగా చేశారు. ఆ సంగతి మొదటి వారంలోనే తెలుసుకునే దారి ఉంది కదా అన్నదే ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్న నుంచి వచ్చిన పద్ధతిలో మూడు మెట్లు ఉంటాయి. చిన్నగా తయారు చేయడం, ఫలితాన్ని కొలవడం, దాని నుంచి నేర్చుకోవడం. మళ్లీ మొదటికి రావడం. మొదట తయారు చేసే చిన్న నమూనాను 'ఎంవీపీ' అంటారు. అంటే మన ఊహ నిజమా కాదా తేల్చడానికి సరిపోయేంత వస్తువు, అంతకు మించి ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. ఊహ తప్పని తేలితే దారి మార్చుకోవాలి. దీన్నే 'పివట్' అంటారు. రీస్‌కు గురువులాంటి స్టీవ్ బ్లాంక్ చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది. ఆఫీసులో కూర్చుంటే జవాబులు దొరకవు, బయటికెళ్లి జనాన్ని అడగాలి అంటారాయన.

యాప్ వేరు, మెషిన్ వేరు

యాప్‌లో తప్పు దొర్లితే మర్నాడు అప్‌డేట్ పంపిస్తే సరిపోతుంది. మనిషి ఒంటికి తగిలే పరికరంలో తప్పు దొర్లితే మర్నాడు ఆ మనిషి ఉండకపోవచ్చు.

దీనికి వైద్య ఇంజినీరింగ్‌లో ఇప్పటికీ చెప్పుకునే ఉదాహరణ థెరాక్-25. కెనడా ప్రభుత్వ సంస్థ తయారు చేసిన క్యాన్సర్ రేడియేషన్ మెషిన్ ఇది. పాత మోడళ్లలో రేడియేషన్ హద్దు దాటకుండా ఆపే విడి భద్రతా ఏర్పాట్లు ఉండేవి. ఈ మోడల్‌లో వాటిని తీసేసి, ఆ పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో కనీసం ఆరుగురు రోగులకు హద్దు మీరిన రేడియేషన్ తగిలింది. వాళ్లలో కొందరు చనిపోయారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. 1985లో కెనడాలోని హామిల్టన్‌లో ప్రమాదం జరిగినప్పుడు, అది ఎలా జరిగిందో కంపెనీ మళ్లీ చేసి చూపలేకపోయింది. ఒక స్విచ్ కారణమై ఉంటుందని ఊహించి దాన్ని మార్చింది. భద్రత ఎన్నో రెట్లు పెరిగిందని చెప్పింది. మరుసటి ఏడాది టెక్సాస్‌లోని టైలర్‌లో ఒకే ఆస్పత్రిలో ఇద్దరికి అదే గతి పట్టింది, ఇద్దరూ చనిపోయారు. అసలు కారణాన్ని పట్టుకున్నది ఆ ఆస్పత్రి సిబ్బందే. ఆపరేటర్ స్క్రీన్ మీద వివరాలను వేగంగా సరిదిద్దితే సాఫ్ట్‌వేర్ తడబడుతోందని వాళ్లు తేల్చారు.

అంటే తయారీదారు 'కొలవడం' అనే మెట్టును దాటేసి, నేర్చుకున్నాననుకున్నాడు. వాళ్లేమీ మోసగాళ్లు కారు. నిజాయితీ ఉన్నంత మాత్రాన పరికరం సురక్షితం అయిపోదు.

ఖాళీగా ఉన్న ఇంక్యుబేటర్లు

మరి లీన్ పద్ధతి వైద్యంలో పనికిరాదా? పనికొస్తుంది. అది ఎక్కడ పనికొస్తుందో ఎంబ్రేస్ కథ చూస్తే తెలుస్తుంది.

నెలలు నిండకుండా పుట్టే పిల్లలకు ఒంటి వేడి నిలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతటా సుమారు 1.34 కోట్ల మంది పిల్లలు ఇలా పుట్టారు. అందులో 30 లక్షల మంది భారతదేశంలోనే. వాళ్లను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ ధర 20 వేల డాలర్ల వరకు ఉండేది.

2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఒక క్లాసులో కొందరు విద్యార్థులకు ఈ పని ఇచ్చారు: ఇంక్యుబేటర్‌ను చవకగా తయారు చేయండి. ఆ జట్టులో జేన్ చెన్, లైనస్ లియాంగ్‌లతో పాటు రాహుల్ పణిక్కర్, నాగానంద్ మూర్తి అనే భారతీయులూ ఉన్నారు. క్లాసులో కూర్చుని స్పేర్ పార్టులు తగ్గించే పని మొదలుపెట్టొచ్చు. కానీ లియాంగ్ నేపాల్ వెళ్లి ఆస్పత్రులు చూశారు. అక్కడ దానంగా వచ్చిన ఇంక్యుబేటర్లు ఖాళీగా కనిపించాయి. కారణం ఏంటంటే, అలాంటి పిల్లలు ఎక్కువగా పల్లెల్లో పుడుతున్నారు, ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోతోంది.

ఇంక్యుబేటర్‌ను చవక చేసినా ఆ పిల్లలకు ఒరిగేది ఏమీ లేదు. కరెంటు లేని చోట, ప్రయాణంలో, తల్లి చేతిలో ఉండగానే బిడ్డను వెచ్చగా ఉంచేది కావాలి. ప్రశ్న మారింది, వస్తువూ మారింది. చిన్న స్లీపింగ్ బ్యాగ్ లాంటి సంచి తయారైంది. అందులో పెట్టే పొరలో మైనం లాంటి పదార్థం ఉంటుంది. ఒకసారి వేడి చేసి పెడితే అది నాలుగు నుంచి ఆరు గంటల పాటు 37 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అప్పట్లో ధర సుమారు 200 డాలర్లు ఉండేది.

ఇంకో సంగతి కూడా బయటికెళ్తేనే తెలిసింది. జట్టు భారతదేశానికి వచ్చి పల్లెల్లో నమూనాలు చూపించినప్పుడు, ఒక తల్లి తన అలవాటు చెప్పింది. ఇంగ్లిష్ మందులు ఘాటుగా ఉంటాయని డాక్టర్ చెప్పిన మోతాదులో సగమే వేస్తామని, అలాగే 37 డిగ్రీలు వేడి చేయమంటే భయపడి ఇంకా తక్కువే చేస్తానని. ఆమె తప్పు లేదు, బిడ్డ మీద ప్రేమతోనే అలా అనుకుంది. కానీ సంచి తక్కువ వేడిగా ఉంటే బిడ్డకు ప్రమాదం. జట్టు ఆ అంకెల సూచికను తీసేసి, 'సరిపోయింది', 'ఇంకా సరిపోలేదు' అని మాత్రమే చూపించేది పెట్టింది. ఏ ల్యాబ్‌లోనూ బయటపడని లోపం ఒక్క సంభాషణలో బయటపడింది.

ఎంబ్రేస్ 2008లో సంస్థగా మారింది, తర్వాత బెంగళూరును కేంద్రం చేసుకుంది. భారత్‌లో సంచి వాడకంలోకి వచ్చింది 2011లో. క్లాసు ప్రాజెక్టు నుంచి అక్కడికి నాలుగేళ్లు. ప్రశ్న మార్చుకోవడంలో వేగం చూపించిన జట్టే, బిడ్డ ఒంటికి తగిలే వస్తువు విషయంలో ఏళ్ల పాటు ఓపిక పట్టింది.

మన ఇళ్ల నుంచి ఒక ఉదాహరణ

ఇదే పద్ధతిని మనకు దగ్గరి సమస్యకు అన్వయించి చూద్దాం. షుగర్ ఎక్కువ కాలం ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. పుండు పడుతున్నా నొప్పి తెలియదు. ముదిరితే వేళ్లు, ఒక్కోసారి కాలే తీసేయాల్సి వస్తుంది. పుండు పడేముందు ఆ చోట పాదం వేడెక్కుతుంది. రెండు పాదాల్లో ఒకే చోట 2.2 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ తేడా కొనసాగితే అది హెచ్చరిక అని పరిశోధకులు గుర్తించారు.

ఒక విద్యార్థి బృందం ఈ సంగతి చదివి, చెప్పుల్లో పెట్టుకునే సెన్సర్ అట్ట తయారు చేయాలనుకుందని అనుకుందాం. సర్క్యూట్ గీయడానికి, అచ్చు పోయించడానికి, యాప్ రాయించడానికి ఏడాది, కొన్ని లక్షలు పడతాయి. లీన్ పద్ధతి ప్రకారం వాళ్లు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న, ఇందులో ఏ ఊహ తప్పైతే మొత్తం కూలిపోతుంది?

ఆ ఊహ, పెద్దవాళ్లు రోజంతా చెప్పులు వేసుకునే ఉంటారన్నది. దాదాను, నానీని వారం రోజులు గమనిస్తే చాలు. ఇంట్లో చెప్పులు వేసుకోరు. మసీదులో బయటే విడుస్తారు. ఐదు పూటల వజూలో పాదాలు కడుగుతారు. ఇక చెప్పుల్లోని సెన్సర్ ఎప్పుడు కొలుస్తుంది? ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను ఖర్చుతో ఆ ఊహ తప్పని తేలిపోయింది.

అప్పుడు దారి మారుతుంది. పొద్దున లేవగానే ఒక నిమిషం నిలబడే చాప అయితే? అమెరికాలో ఇలాంటి చాపలు ఇప్పటికే వాడకంలో ఉన్నాయి, కాబట్టి ఆలోచన సాధ్యమే. కానీ మన ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. ఫజ్ర్ వజూకు చల్లని నీళ్లతో కడిగిన పాదాన్ని వెంటనే కొలిస్తే లెక్క తారుమారు కావచ్చు. మరి వజూకు ముందు కొలవాలా, తర్వాత ఎంతసేపటికి కొలవాలా? చాప తెరపై హెచ్చరిక వస్తే ఎవరు చూస్తారు? కొడుకు గల్ఫ్‌లో ఉంటే ఫోన్ ఎవరికి వెళ్లాలి? హెచ్చరిక వచ్చినా దగ్గరలో పాదాలు చూసే డాక్టర్ లేకపోతే ఉపయోగం ఏంటి?

ఈ ప్రశ్నల కోసం అట్టముక్కతో చేసిన ఉత్తుత్తి చాప సరిపోతుంది. సెన్సర్ సరిగ్గా చదువుతోందో లేదో చూడటానికి మనిషి పాదం కూడా అక్కర్లేదు. వేడి తెలిసిన నీళ్ల సంచిని పెట్టి, నమ్మకమైన థర్మామీటర్‌తో సరిచూస్తే చాలు. ఇక్కడి వరకు ఎంత తొందరపడినా నష్టం లేదు. ఎన్ని తప్పులు చేస్తే అంత మంచిది.

రోగిని పరీక్షించే దగ్గర గీత

ఆ చాప మీద నిజమైన రోగిని నిలబెట్టి, ఆ అంకెలను నమ్మి నిర్ణయాలు తీసుకునే క్షణంలో గీత దాటినట్టే. అక్కడి నుంచి చట్టం వస్తుంది.

మన దేశంలో మెడికల్ డివైసెస్ రూల్స్‌ను 2017లో చేశారు, 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేశారు. నాలుక నొక్కి పట్టే పుల్ల లాంటివి తక్కువ ప్రమాదం ఉన్న ఏ తరగతి. ఇంజెక్షన్ సూదులు బీ. వెంటిలేటర్ సీ. గుండె కవాటం డీ. మొదటి రెండు తరగతుల తయారీ లైసెన్స్ రాష్ట్ర స్థాయిలో, సీ, డీ తరగతులది కేంద్ర సంస్థ సీడీఎస్‌సీవో దగ్గర తీసుకోవాలి. ఏ, బీ తరగతుల్లోని చాలా పరికరాలకు 2022 అక్టోబర్ 1 నుంచి, సీ, డీ తరగతులకు 2023 అక్టోబర్ 1 నుంచి లైసెన్స్ తప్పనిసరి అయింది.

పరీక్షల కోసం కొద్ది సంఖ్యలో తయారు చేసుకోవడానికి విడిగా టెస్ట్ లైసెన్స్ ఉంది. కొత్త రకం పరికరాన్ని రోగులపై పరీక్షించాలంటే సీడీఎస్‌సీవో అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం, రోగి అన్నీ తెలుసుకుని ఇచ్చే సమ్మతి కావాలి. పరీక్షలో హాని జరిగితే చికిత్స, పరిహారం బాధ్యత కూడా నిబంధనల్లో ఉంది. 'మా మేనమామ మీదే కదా ట్రై చేస్తున్నాం' అన్న మాట ఇక్కడ చెల్లదు. ఇంటివాళ్లు కాదనలేరు కాబట్టి వాళ్ల సమ్మతి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం.

ఈ నిబంధనలకూ లీన్ పద్ధతికీ వైరం ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండూ అడిగేది ఒకటే: ఏం అనుకున్నావు, ఎలా పరీక్షించావు, ఏం తేలింది, ఏం మార్చావు? నాణ్యత వ్యవస్థకు ఐఎస్‌వో 13485, ప్రమాదాల అంచనాకు ఐఎస్‌వో 14971 అనే అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. మొదటి రోజు నుంచే ప్రతి మార్పును తేదీతో సహా రాసి పెట్టుకున్న బృందానికి ఆ ఫైళ్లు సగం సిద్ధంగా ఉన్నట్టే. రాసుకోకుండా ఏడాది పరిగెత్తిన బృందం, లైసెన్స్ దగ్గరకొచ్చాక ఆ ఏడాది పనిని మళ్లీ చేయాల్సి వస్తుంది.

డబ్బు కూడా అమానతే

గీత దాటితే ఏమవుతుందో చెప్పే కథ థెరానోస్. 2003లో ఎలిజబెత్ హోమ్స్ స్థాపించిన ఈ అమెరికన్ కంపెనీ, వేలి చివరి నుంచి తీసే కొద్ది చుక్కల రక్తంతో ఎన్నో పరీక్షలు చేస్తామని చెప్పింది. ఒక దశలో కంపెనీ విలువ 900 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. మెషిన్ ఇంకా నమ్మదగిన స్థితికి రాకుండానే 2013 నుంచి మందుల దుకాణాల్లో మామూలు జనానికి పరీక్షలు మొదలుపెట్టారు. 2016లో ఆ మెషిన్‌పై చేసిన రెండేళ్ల ఫలితాలను కంపెనీయే రద్దు చేసుకుంది. 2018లో మూతపడింది. పెట్టుబడిదారులను మోసం చేసిన కేసులో 2022లో హోమ్స్‌కు 11 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది.

వైద్యం తెలియకుండా వైద్యానికి దిగినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడన్న భావం మన హదీసుల్లో ఎప్పటినుంచో ఉంది. పరికరం తయారు చేసేవారికీ అది వర్తించే మాటే. రోగి నమ్మకం అమానత్. బంధువులు ఇచ్చే డబ్బూ అమానతే.

పిల్లలకు పెట్టుబడి ఇవ్వాలనుకునే పెద్దలకు కూడా లీన్ పద్ధతి ఉపయోగపడుతుంది. పది లక్షలు ఒకేసారి చేతిలో పెట్టడం కంటే, మెట్టు మెట్టుకూ ఇవ్వడం మేలు. మొదటి విడత కొద్దిగా, పదిమంది రోగులతో, నర్సులతో, డాక్టర్లతో మాట్లాడి ఏం తేలిందో రాసుకొచ్చాకే రెండో విడత. వాడేవారు ఎవరు, కొనేవారు ఎవరు అని అడగాలి. ఆస్పత్రి పరికరాన్ని నర్సు వాడుతుంది, కొనేది మేనేజ్‌మెంట్. నర్సుకు నచ్చినంత మాత్రాన అమ్ముడుపోదు. ఇచ్చేది అప్పా, లాభనష్టాల్లో వాటానా అన్నది ముందే తేల్చుకుని కాగితం మీద పెట్టాలి. అప్పు లావాదేవీలను రాసుకోమని ఖుర్ఆన్ చెప్పిన మాట సొంతవాళ్ల మధ్య ఇంకా ఎక్కువ అవసరం.

ఇంటి డబ్బు మీదే ఆధారపడాల్సిన పని కూడా లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ 'బిగ్' పథకం కింద ఆలోచన దశలో ఉన్న బృందాలకు 18 నెలల వరకు 50 లక్షల రూపాయల దాకా గ్రాంట్ ఇస్తుంది. హైదరాబాద్ ఐఐటీలో వైద్య ఆవిష్కరణల కోసం ప్రత్యేక కేంద్రం ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో డాక్టర్లు, ఇంజినీర్లు కలిసి పనిచేసే సృజన కేంద్రం ఉంది. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో తయారీకి, టెస్టింగ్‌కు ఒకే చోట సదుపాయాలు ఉన్నాయి. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్క్ ఉంది. ఇంజినీరింగ్ విద్యార్థులు ఒంటరిగా చేయడం కంటే, మెడిసిన్, నర్సింగ్ చదివే తోటి పిల్లలను మొదటి రోజే కలుపుకోవడం అన్నిటికంటే చవకైన పెట్టుబడి.

పిల్లలు ఇంటికొచ్చి 'మెషిన్ తయారు చేస్తాం' అన్నప్పుడు అడగాల్సినవి మూడు ప్రశ్నలు. ఇది ఎవరికి కావాలో వాళ్ల ఇంటికెళ్లి చూశారా? మీ ఊహల్లో ఏది తప్పని ఇప్పటికి తేలింది? రోగి మీద పెట్టేముందు ఎవరి అనుమతి తీసుకోవాలో తెలుసా? మొదటిదానికి అవునని, రెండోదానికి కనీసం ఒక జవాబు, మూడోదానికి కాగితం చూపించగలిగితే, ఆ పిల్లల మీద నమ్మకం పెట్టొచ్చు.